వానల్లో నీళ్లు, చలిలో గుడ్లు: సరిహద్దు ఊళ్లలో చిన్న టెట్రాల పెంపకం

టెట్రాలంటే ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచుకునే చిన్న రంగు చేపలు. మీ ఇంట్లో కందిపప్పు ఏ నీళ్లలో త్వరగా మెత్తబడుతుందో, వాటికి కావలసినవి ఆ నీళ్లే. బోరు నీళ్లలో పప్పు పలుకులుగానే మిగిలిపోతుంది, సబ్బు నురగ రాదు, స్టీలు బిందె అడుగున తెల్లగా సున్నం కడుతుంది. ఆ సున్నమే నియాన్ టెట్రా గుడ్డుకు శత్రువు. పెద్ద చేప కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ గుడ్డు ఓర్చుకోదు. అందుకే ఆంధ్రా ఒడిశా సరిహద్దు వైపు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో టెట్రాలను ఏడాది పాటు బాగానే పెంచినవాళ్లు కూడా వాటి పిల్లలను చూసి ఉండరు.

నియాన్ టెట్రా పెరూ, కొలంబియా, బ్రెజిల్ దేశాల్లో అమెజాన్ ఎగువ వాగుల చేప. రాలిన ఆకులు నాని టీ డికాక్షన్ రంగు తిరిగిన, సున్నం దాదాపు లేని నీళ్లవి. మనకు ఆ పాటి మెత్తని నీళ్లు ఖర్చు లేకుండా దొరికేది వానలో. చిక్కేమిటంటే వానాకాలంలో తీరం వైపు తొట్టి నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి, నియాన్ గుడ్డుకు 24, 25 కావాలి. కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు పట్టి దాచుకోవాలి, నవంబరు దాటాక నియాన్‌తో గుడ్లు పెట్టించాలి. వానల్లోనే గుడ్లు పెట్టగలిగేది విడో టెట్రా. ముందు దానితో చెయ్యి తిరగనివ్వండి.

ఏ ఊరికి ఏ టెట్రా

నియాన్, కార్డినల్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. నియాన్‌కు ఎర్ర చార పొట్ట మధ్య నుంచి తోక దాకానే ఉంటుంది, కార్డినల్‌కు మొప్పల దగ్గర మొదలై ఒళ్లంతా సాగుతుంది. మనకు పనికొచ్చే తేడా వేరే ఉంది: నియాన్ 21 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, కార్డినల్ 28 దాకా తట్టుకుంటుంది. కోరాపుట్, సిమిలిగుడ లాంటి ఎత్తు ఊళ్లవాళ్లు నియాన్ తెచ్చుకోండి. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వాళ్లకు పెంచడానికి కార్డినల్ మేలు. ధర ఎక్కువే, కానీ మే నెల దాటుతుంది.

దుకాణాల్లో బ్లాక్ విడో, బ్లాక్ స్కర్ట్ అని పిలిచే విడో టెట్రా 5, 6 సెంటీమీటర్లు పెరిగే గట్టి చేప. 22 నుంచి 28 డిగ్రీల దాకా ఎక్కడైనా సర్దుకుంటుంది. గ్లోలైట్ 4 సెంటీమీటర్లు, నెమ్మది స్వభావం. ఎంబర్ 2 సెంటీమీటర్లే, చిన్న తొట్టికి దీన్ని మించింది లేదు. సెర్పే టెట్రా అందమైనదే గానీ తోటి చేపల రెక్కలు కొరుకుతుంది. దాన్ని వేరే తొట్టిలో, కనీసం పదింటి గుంపుగా పెంచాలి.

గులాబి, నీలం, ఆకుపచ్చ రంగుల్లో కనిపించే విడోలు కొన్ని తెల్ల విడోకు సూదితో రంగు ఎక్కించినవి. కొన్ని నెలల్లో రంగు వెలిసిపోతుంది, సూదిపోటు దగ్గర పుండు పడే ప్రమాదం వేరే. కొనకండి.

ఇంకో అపోహ: "ఒక జత చాలు." టెట్రా గుంపు చేప. రెండో మూడో ఉంటే బెదిరి మూల చేరతాయి, రంగు పాలిపోతుంది, తిండి ముట్టవు. ఏ రకమైనా ఎనిమిది, పది కొనండి. రకాలు తగ్గించుకోండి, తలకాయలు పెంచుకోండి.

తొట్టి, ఇసుక, గాలి పంపు

24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. 5 మి.మీ. అద్దం. అద్దం మందం తీసేస్తే లెక్క ప్రకారం 53 లీటర్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా 45 లీటర్లు నిలుస్తాయి. మొత్తం బరువు 70 కిలోల దాకా వస్తుంది కాబట్టి ప్లైవుడ్ టీవీ స్టాండు మీద పెట్టొద్దు. అడుగున అర అంగుళం థర్మాకోల్ షీటు వెయ్యండి. స్థానికంగా అద్దాల దుకాణంలో చేయిస్తుంటే సిలికాన్ ట్యూబు మీద బూజు పట్టనివ్వదని రాసి ఉందేమో చూడండి. బాత్‌రూములకు వాడే ఆ రకంలో బూజుమందు కలుపుతారు, అది చేపకు విషం. అతికించాక మూడు రోజులు ఆరనిచ్చి, రెండుసార్లు నీళ్లు నింపి పారబోయాలి.

ఈశాన్యం మూలలో పెట్టాలని చాలా ఇళ్లలో పట్టుబడతారు. ఆ మూల తూర్పు కిటికీ ఉంటే పొద్దుటి ఎండ నేరుగా పడి పదిహేను రోజుల్లో అద్దం పచ్చగా పాచి పడుతుంది. కిటికీకి తెర వేస్తే పెద్దల మాటా నిలుస్తుంది, తొట్టీ బాగుంటుంది.

ఇసుక విషయంలో తీరం ఊళ్లవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: గోపాలపురం బీచి నుంచి ఇసుక తేవడం. అందులో గవ్వల పొడి ఉంటుంది, అది కరుగుతూ నీళ్లలోకి సున్నం వదులుతూనే ఉంటుంది. వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఇసుక జల్లెడ పట్టి వాడుకోవచ్చు. ఏ ఇసుకైనా చెంచాడు తీసి, బాత్‌రూము కడిగే యాసిడ్ రెండు చుక్కలు వెయ్యండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు, పారెయ్యండి. పొంగకపోతే మిగతా ఇసుకను బకెట్‌లో నీళ్లు తేటగా వచ్చేదాకా, అంటే పన్నెండు పదిహేనుసార్లు కడిగి 4 సెంటీమీటర్ల మందాన పరచండి. యాసిడ్ పోసిన చెంచాడు మాత్రం కలపొద్దు. ముదురు రంగు ఇసుక మీద టెట్రా రంగు తేలుతుంది, తెల్ల మార్బుల్ రాళ్ల మీద వెలవెలబోతుంది. మార్బుల్ కూడా సున్నమే, మరిచిపోకండి.

ఫిల్టరుకు స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి పంపు చాలు. మోటారు ఫిల్టర్లు చిన్న చేపను, పిల్లలను లోపలికి లాగేస్తాయి. గాలి పంపు తొట్టి నీటిమట్టం కంటే పైన ఉండాలి. కింద పెడితే కరెంటు పోయిన క్షణాన నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్నుంచి స్విచ్‌బోర్డులోకి పోతాయి. పైన పెట్టే వీలు లేకపోతే గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు తగిలించండి.

మూత తప్పనిసరి. చేప ఎగరకుండా మాత్రమే అనుకోకండి, దోమల మందు కోసం కూడా. కాయిల్, ప్లగ్గుకు పెట్టే ద్రవం, బొద్దింకల స్ప్రే, వీటన్నిటిలోనూ ఉండే పైరెత్రాయిడ్ మందులు మనుషులకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. గాలి పంపు ఆ గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. తొట్టి ఉన్న గదిలో దోమతెర కట్టుకోండి. స్ప్రే కొట్టక తప్పకపోతే పంపు ఆపి, తొట్టి మీద తడి దుప్పటి కప్పి, గది గాలి మారాకే తియ్యండి.

మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియాస్, క్రిప్టోకొరైన్, జావా మాస్ తక్కువ వెలుతురుకు ఆగుతాయి. దీపం రోజుకు ఆరేడు గంటలు చాలు.

చేప రాకముందు నెల రోజులు

ఎక్కువ చేపలు చచ్చేది ఈ నెల రోజులు ఓపిక పట్టకే. చేప వదిలే మలం, మిగిలిన తిండి కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కొద్దిపాళ్లలో ఏమీ చెయ్యదు. ఆ బాక్టీరియా స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేప లేకుండానే వాటిని పెంచే పద్ధతి ఇది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరమే అమ్మోనియం క్లోరైడ్. కళాయి సరుకు శుద్ధమైనది కాదు గనుక కెమికల్స్ అమ్మే దుకాణంలో లాబొరేటరీ రకం అడగండి. 10 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. 45 లీటర్ల తొట్టిలో ఈ ద్రావణం 14 మి.లీ. పోస్తే అమ్మోనియా లీటరుకు 2 మి.గ్రా. అవుతుంది. గాలి పంపు రాత్రింబవళ్లు నడవాలి. రెండు రోజులకోసారి చుక్కల టెస్ట్ కిట్‌తో చూడండి. అమ్మోనియా సున్నా అయినప్పుడల్లా మళ్లీ 14 మి.లీ. పొయ్యండి. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైట్ పైకి పోతుంది, చాలారోజులు అక్కడే మొండికేస్తుంది. అదే మామూలు. పోసిన 24 గంటల్లో రెండూ సున్నాకు వచ్చిననాడు తొట్టి సిద్ధమైనట్టు. సగానికి పైగా నీళ్లు మార్చి చేపలు వదలండి. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టిలో వాడుతున్న స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు సగానికి సగం తగ్గుతుంది.

ఈ పనంతా కుళాయి నీళ్లతోనే చెయ్యండి, మెత్తని ఆమ్లపు నీళ్లలో ఈ బాక్టీరియా మందకొడిగా ఉంటుంది.

కుళాయి నీళ్ల క్లోరిన్‌కు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు. 100 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, 15 లీటర్ల బకెట్‌కు 1 మి.లీ. కలపండి. వరదల తర్వాత మున్సిపాలిటీ నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతుంటే 2 మి.లీ.

తెచ్చిన రోజు

కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంతలోనో చెన్నై కొళత్తూరులోనో కట్టిన సంచి మీ చేతికొచ్చేసరికి ఒక రాత్రీ పగలూ గడిచి ఉంటుంది. అంతసేపు ఊపిరి వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల సంచిలో నీళ్లు ఆమ్లంగా ఉంటాయి, ఆ ఆమ్లం వల్లే అందులోని అమ్మోనియా విషంగా మారకుండా ఆగి ఉంటుంది. సంచి విప్పి గంటలకొద్దీ చుక్కచుక్కగా తొట్టి నీళ్లు కలుపుతూ కూర్చుంటే వాయువు పోతుంది, పీహెచ్ (ఆమ్లం తగ్గేకొద్దీ పెరిగే అంకె) పెరుగుతుంది, చేప తన సంచిలోనే విషం తాగుతుంది. దూరం నుంచి వచ్చిన చేపకు ఇలా చెయ్యండి: కట్టు విప్పకుండా సంచిని 20 నిమిషాలు తొట్టిలో తేలనివ్వండి. విప్పి, పది నిమిషాల్లో రెండు గ్లాసుల తొట్టి నీళ్లు కలిపి, వలతో చేపను మాత్రమే తీసి వదలండి. సంచి నీళ్లు మొక్కలకు పొయ్యండి. ఊళ్లో దుకాణం నుంచి అరగంటలో తెచ్చినవాటికి మాత్రం నెమ్మదిగా అరగంట కలపడమే మంచిది.

కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచాకే పాతవాటితో కలపాలి. 45 లీటర్లకు మొత్తం 10, 12 నియాన్‌లు లేదా 15 ఎంబర్‌లు లేదా 7, 8 విడోలు. ఏంజెల్ చేపతో నియాన్‌లను కలిపి ఉంచితే ఏంజెల్ పెరిగాక నియాన్‌లు ఒక్కొక్కటే మాయమవుతాయి. గోల్డ్‌ఫిష్‌కు చల్లని, సున్నం ఉన్న గట్టి నీళ్లు కావాలి. దాని జోలి వద్దు.

తిండి రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. నియాన్ నోరు చిన్నది, ఫ్లేక్స్ వేళ్ల మధ్య నలిపి వెయ్యాలి. వారానికి ఒక రోజు పస్తు. వారానికి పావు వంతు నీళ్లు మార్పు. స్పాంజిని తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద పిండితే నెల రోజుల కష్టం క్లోరిన్ పాలు.

ఎండ, చలి, తుఫాను

గుణుపురం, రాయగడ వైపు వేసవి పొడి ఎండ. నీటి పైన చిన్న ఫ్యాను ఆడిస్తే ఆవిరై నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. ఈ రోజుల్లో మూత బదులు దోమతెర గుడ్డ బిగించండి. బరంపురంలో గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాను అంతగా పనిచెయ్యదు. అక్కడ తొట్టిని ఇంటి మధ్య గదిలో, నేలకు దగ్గరగా పెట్టడమే ఉపాయం. మధ్యాహ్నం ఐసు గడ్డలు వేసి, రాత్రి మళ్లీ వేడెక్కనిస్తే ఆ ఎగుడుదిగుడు 31 డిగ్రీల కంటే చేటు.

కోరాపుట్ పీఠభూమిలో చలి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. 45 లీటర్లకు 50 వాట్ల హీటరు ఉంటే చాలు. అంతకు పెద్దది కొంటే అది ఎప్పుడైనా ఆగకుండా వెలిగిపోయినప్పుడు మీరు చూసేలోపే చేప ఉడుకుతుంది.

తుఫాను సంగతి ఈ తీరానికి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. గజపతి, గంజాం జిల్లాలు చీకట్లో ఉండిపోయాయి. చిన్న గాలి పంపు లాగేది మూడు నుంచి ఐదు వాట్లు. ఇన్వర్టరు ఉంటే దాని మీద రోజుల తరబడి నడుస్తుంది, లేకపోతే బ్యాటరీ సెల్సుతో నడిచే పంపు ఒకటి అక్టోబరుకు ముందే కొని పెట్టుకోండి. హెచ్చరిక రాగానే మూడో వంతు నీళ్లు మార్చి, తిండి ఆపెయ్యండి. టెట్రా నాలుగైదు రోజులు పస్తు ఉండగలదు. పంపు ఏదీ లేకపోతే గంటకోసారి చెంబుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పొయ్యండి, స్పాంజిని నాలుగుసార్లు నొక్కి వదలండి.

జబ్బుల్లో పొరబడే చోట్లు

రాత్రి దీపం వెయ్యగానే నియాన్ పాలిపోయి కనిపిస్తే భయపడొద్దు. చీకట్లో రంగు దాచుకోవడం దాని అలవాటు, కాసేపట్లో తిరిగొస్తుంది. పగలు కూడా ఎర్ర చార మధ్యలో తెల్లటి మచ్చ పడి, అది కండ లోపలి నుంచి పాకుతూ, చేప గుంపు వదిలి ఒంటరిగా తిరుగుతూ, వెన్ను వంకర పోతుంటే అది నియాన్ టెట్రా జబ్బు. ప్లీస్టోఫొరా అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వస్తుంది, మందు లేదు. చచ్చిన చేపను తోటివి పీకి తింటే వాటికీ అంటుతుంది కాబట్టి జబ్బు చేపను వెంటనే తీసెయ్యాలి. తెల్లదనం చర్మం పైన, పెదవుల చుట్టూ దూది పొరలా ఉంటే అది కాలమ్‌నారిస్ అనే బాక్టీరియా జబ్బు. దానికి చికిత్స ఉంది, కానీ రోజుల్లో కాదు, గంటల్లో మొదలుపెట్టాలి.

ఒళ్లంతా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది ఇక్ అనే జబ్బు. నీళ్ల వేడిని కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున 30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువ చేసి, చుక్కలన్నీ పోయాక కూడా ఇంకో మూడు నాలుగు రోజులు అలాగే ఉంచండి. మలకైట్ గ్రీన్ వాడితే సీసా మీద రాసిన మోతాదులో సగమే. టెట్రాలు ఆ మందును తట్టుకోలేవు.

వాననీళ్లు పట్టడం

మొదటి రెండు మూడు వానలు వదిలెయ్యండి, అవి పైకప్పు మురికినీ గాలిలో దుమ్మునీ కడుగుతాయి. తర్వాత ఏ వానలోనైనా మొదటి 20 నిమిషాలు పోనిచ్చి పట్టండి. రేకుల కప్పు నుంచి వద్దు: జింకు పూత రేకు నుంచి జింకు, సిమెంటు రేకు నుంచి సున్నం దిగుతాయి. డాబా మీద నాలుగు కర్రలకు కొత్త ప్లాస్టిక్ పట్టా కట్టి, మధ్యలో చిన్న రాయి వేసి వంచి, కింద తినే సరుకుల నీలం డ్రమ్ము పెట్టండి. రసాయనాల డ్రమ్ము ఎంత కడిగినా నమ్మొద్దు. గుడ్డతో వడకట్టి, మూత బిగించి, నీడలో పెడితే చలికాలం దాకా నిలుస్తుంది. 50 లీటర్లు ఉంటే మూడు నాలుగు ప్రయత్నాలకు సరిపోతుంది. వాడే ముందురోజు గాలి రాయి (పంపు గొట్టం కొనకు తగిలించే బుడగల రాయి) వేసి తిప్పాలి.

టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. అది సున్నాన్ని విడిగా చూపదు, కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, కానీ మన పనికి చాలు. శుభ్రమైన వాననీళ్లు 10 నుంచి 30 చూపుతాయి. మీ కుళాయి 400, వాననీళ్లు 20 అయితే తొమ్మిది పాళ్ల వాననీళ్లకు ఒక పాలు కుళాయి కలిపితే 60 దగ్గరికి వస్తుంది. నియాన్ గుడ్లకు మాత్రం కుళాయి కలపని నీళ్లే. వాననీళ్లు పట్టలేనివాళ్లు మినరల్ వాటర్ ప్లాంటు 20 లీటర్ల క్యాను తీసుకోవచ్చు. మీటరు పెట్టి చూసి, 60 లోపుంటేనే, నియాన్ గుడ్లకైతే 40 లోపుంటేనే.

రంగు కోసం వీధి బాదం ఆకులు. చలి చివర్లో ఎర్రగా మారి రాలినవి ఏరి, కడిగి, నీడన ఎండబెట్టి సంచిలో దాచుకోండి. పచ్చి ఆకు పనికిరాదు. మూడు ఆకులు లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి చల్లార్చిన కషాయాన్ని, తొట్టి నీళ్లు లేత టీ రంగుకు వచ్చేదాకా కలపాలి. పీహెచ్ కొద్దిగా దిగుతుంది, గుడ్ల మీద బూజు తగ్గుతుంది.

గుడ్డుకంటే ముందు పిల్ల తిండి

పిల్లలు ఈత మొదలుపెట్టిననాడు తిండి వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. చేపలను జత కలిపే ఐదు రోజుల ముందే లీటరు సీసాలో తొట్టి నీళ్లు పోసి, ఎండిన అరటి తొక్క రెండంగుళాల ముక్క వేసి, మూతికి గుడ్డ కట్టి వెలుతురులో పెట్టండి. రెండు రోజులకు పాలలా తెల్లబడి కంపు కొడుతుంది. అప్పుడు పారబోసేవాళ్లే ఎక్కువ. ఇంకో రెండు మూడు రోజులకు కంపు తగ్గి నీళ్లు తేటపడతాయి, ఎండకు ఎదురు పట్టి చూస్తే దుమ్ము కదులుతున్నట్టు కనిపిస్తుంది. అదే ఇన్‌ఫ్యూసోరియా, పిల్లలు తినే సూక్ష్మజీవులు. రెండు రోజుల తేడాతో మూడు సీసాలు పెట్టండి, ఒకటి చెడితే ఇంకోటి ఉంటుంది.

దాని తర్వాతి తిండి ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో గుడ్లు పొదిగించి తీసే బుల్లి రొయ్యలాంటి జీవులు. లీటరు నీళ్లకు 25 గ్రాముల రాళ్ల ఉప్పు (నౌపడ ఉప్పు బ్రహ్మాండంగా పనికొస్తుంది), చిటికెడు వంటసోడా, అర టీస్పూను ఆర్టీమియా గుడ్లు. తలకిందులు చేసిన కూల్‌డ్రింకు సీసాలో అడుగు నుంచి గాలి గట్టిగా కొట్టాలి, దీపం దగ్గర 28 డిగ్రీల్లో 24 గంటలు. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. గొట్టంతో లాగి, చేతి రుమాలులో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వెయ్యాలి. పొదిగిన కొద్ది గంటల్లోనే వెయ్యండి, ఆలస్యమైనకొద్దీ వాటిలో బలం తగ్గుతుంది.

ఉడికించిన గుడ్డు పచ్చసొన చాలామంది చెప్పే సలహా. ఆవగింజంత ఎక్కువైనా పొద్దుటికల్లా నీళ్లు కుళ్లి పిల్లలన్నీ పోతాయి. దాని జోలికి పోకపోవడమే నయం.

విడోతో మొదటి ప్రయత్నం

ఆడది పెద్దది, పొట్ట గుండ్రం. మగదానికి వెన్ను రెక్క సన్నగా మొన తేలి, కింది రెక్క ముందు వైపు వెడల్పుగా ఉంటుంది. ఎనిమిది నెలలు దాటిన, ఏడాదిన్నర మించని చేపలను ఎంచుకోండి. ఆడ, మగలను పది రోజులు వేరు చేసి, దోమ లార్వాలు, ఆర్టీమియా రోజుకు మూడుసార్లు మేపండి. వానాకాలంలో బకెట్‌లో నీళ్లు వదిలేస్తే దోమ లార్వాలకు కొదవ ఉండదు. అవి దోమలయ్యేలోపు రోజూ పూర్తిగా వడకట్టే బాధ్యత మీదే.

గుడ్ల తొట్టి 30 నుంచి 40 లీటర్లు, అడుగున ఇసుక వద్దు. టీడీఎస్ 150 లోపు, పీహెచ్ 6.5 నుంచి 7, వేడి 26, 27. అడుగున 3 మి.మీ. కన్నాల ప్లాస్టిక్ జాలీ రెండు అంగుళాల ఎత్తున నిలబెట్టండి, పైన మరిగించిన నైలాన్ ఊలు కుచ్చులో జావా మాస్ ముద్దలో పెట్టండి. చెరువు నాచు తెస్తే దానితో తూనీగ పిల్లలు, హైడ్రాలు వస్తాయి, అవి మీ చేపపిల్లలను ఏరుకుని తింటాయి. కొబ్బరి పీచు వాడాలంటే రంగు దిగడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు ఉడికించాలి.

సాయంత్రం ఒక ఆడ, ఒకటో రెండో మగ వదలండి. తెల్లవారాక మగది తరుముతుంది, రెండూ పక్కపక్కన ఒరుసుకుని వణుకుతాయి, గుడ్లు చల్లుకుంటూ పోతాయి. రెండు మూడు గంటల్లో వందల గుడ్లు పడతాయి. పని అవ్వగానే పెద్దవాటిని తీసెయ్యండి, లేకపోతే తమ గుడ్లు తామే తింటాయి. మూడు పొద్దులు చూసినా కాకపోతే తీసి, ఇంకో వారం మేపి మళ్లీ పెట్టండి.

ఒక శాతం మిథిలీన్ బ్లూ 10 లీటర్లకు 1 మి.లీ. కలిపితే బూజు అదుపులో ఉంటుంది. బతికిన గుడ్డు అద్దంలా ఉంటుంది, చచ్చింది తెల్లబడుతుంది. సగానికి పైగా తెల్లబడ్డాయంటే నీళ్లు గట్టివో, మగది ముదురుదో, ఆడదాన్ని సరిగా మేపలేదో. రోజున్నరలోపు పిల్లలు పొదిగి కామాల్లా అద్దానికి వేలాడతాయి. పొట్ట కింద సంచిలో తిండి ఉంటుంది, మీరు ఏమీ వెయ్యొద్దు. మూడు నాలుగు రోజులకు అడ్డంగా ఈదడం మొదలవుతుంది. ఆ గంట నుంచి ఇన్‌ఫ్యూసోరియా, ఐదు రోజులకు ఆర్టీమియా.

నియాన్

ఆడదాని పొట్ట వల్ల నీలం చార వంగినట్టు కనిపిస్తుంది, మగదానిది తిన్నగా ఉంటుంది. 12 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు చిన్న తొట్టి చాలు. దాన్ని, జాలీని, కుచ్చును వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. మూడు వైపులా నల్ల కాగితం అతికించండి. నియాన్ గుడ్డు వెలుతురుకు పాడవుతుంది. టీడీఎస్ 40 లోపు, పీహెచ్ 5.5 నుంచి 6, వేడి 24, 25. ఇక్కడ కుళాయి నీళ్లు చుక్క కూడా కలపొద్దు. నీళ్లలో కాల్షియం పెరిగితే గుడ్డు ఫలించడం పడిపోతుంది. గట్టి నీళ్లలో పెరిగిన చేపలను మెత్తని నీళ్లకు ఒక్కసారిగా మార్చకుండా, మేపే రెండు వారాల్లోనే కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి.

చీకటి పడ్డాక జతను వదిలి, పూర్తిగా కప్పండి. పొద్దున్నే ఒక మూల కొద్దిగా తెరిచి సన్నని వెలుతురు పడనివ్వండి. వంద గుడ్లు వస్తే మంచి జత. చేపలను తీసి, మళ్లీ కప్పి, రోజు పైన కొన్ని గంటలు వేచి ఉండండి. చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఒక్క క్షణం చూడండి. ఐదో రోజుకు ఈత. ఇక్కడ ఎక్కువమంది ఓడిపోతారు: నియాన్ పిల్ల నోటికి ఆర్టీమియా పట్టదు. వారం నుంచి పది రోజులు ఇన్‌ఫ్యూసోరియా మాత్రమే, రోజుకు నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా. భూతద్దంతో చూస్తే పొట్ట తెల్లగా నిండి కనిపించాలి. పొట్ట ఖాళీగా, తల పెద్దగా కనిపిస్తే ఆకలి. తర్వాత ఆర్టీమియా వేసిన అరగంటకు పొట్టలు నారింజ రంగు తిరిగాయంటే గట్టెక్కినట్టే.

పిల్లల తొట్టిలో నీళ్లు మార్చడానికి గాలి గొట్టం కొనకు దోమతెర గుడ్డ కట్టి రోజుకు పదో వంతు తీసి, అదే రకం వాననీళ్లు చుక్కచుక్కగా నింపండి. అడుగున మిగిలే తిండికి రెండు చిన్న నత్తలను వెయ్యండి, కానీ పిల్లలు ఈదడం మొదలయ్యాకే. నాలుగు వారాలు దాటే సరికి నీలం చార మెరుస్తుంది. అప్పటి నుంచి మార్చే నీళ్లలో కుళాయి పాలు వారానికి పదో వంతు చొప్పున పెంచుతూ పొండి. రెండు నెలలకు సెంటీమీటరున్నర పెరిగాక పెద్ద తొట్టిలోకి మార్చొచ్చు. ఎక్కువైనవాటిని తెలిసినవాళ్లకో దుకాణానికో ఇవ్వండి, వంశధారలోనో ఊరి చెరువులోనో మాత్రం వదలకండి. ఇచ్చేటప్పుడు సంచిలో మూడో వంతు నీళ్లు, రెండు వంతులు గాలి ఉండాలి, ముందురోజు తిండి పెట్టకూడదు.